సున్నం కింద చెయ్యి

పలాస,
నవంబరు 10, 2024.

మహారచయిత్రి కృష్ణవేణి వదినకి,

నీ మేనత్త కూతురు కళావతి, అదే, జీడిపిక్కలు కొట్టే కళావతి, గుర్తుందో లేదో, రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని గోడలు చూసి తెలుసుకున్నాను. బస్టాండు గోడ మీద నువ్వే, రేషన్ డిపో పక్క గోడ మీద నువ్వే, ఆఖరికి మా జీడి కార్ఖానా గేటు మీద కూడా నువ్వే. ఒక పక్క నల్లటి చెయ్యి బొమ్మ, ఇంకో పక్క గడ్డం కింద వేలు పెట్టుకుని నువ్వు. ఆ వేలెందుకు వదినా, పన్ను నొప్పా? పైన పెద్దక్షరాలతో ‘గీతలు లేని అరచెయ్యి’ అని. కింద ‘గుండె నిబ్బరం ఉన్నవారికి మాత్రమే’ అని.

నా పక్క పీట పైడితల్లికి చదువు రాదు కదా, నన్నడిగింది.

“ఏటే కళావతీ, మీ వదిన ఎలచ్చన్లకి నిలబడిందేటి?”

“కాదే, దెయ్యాల కత రాసింది.”

“పాతికేళ్ళు కాపరం సేసింది గదా, రాయకేటి సేత్తాది” అంది. నేను కాదనలేదు. అన్నయ్యకి చెప్పకు.

ఫోనుండగా ఉత్తరమెందుకని నీ పుస్తకం వేసినాయన నవ్వొచ్చు. అయిదో తరగతిలో నన్ను బడి మాన్పించి పిక్కల దగ్గర కూర్చోబెట్టినప్పుడు నువ్వే అన్నావు, “నెలకో ఉత్తరం రాయి కళా, తప్పులు దిద్ది పంపుతాను” అని. నువ్వు ఎర్రసిరాతో దిద్దిన కాగితాలు నా దగ్గర పెట్టెడున్నాయి. అదీగాక ఫోన్లో తిడితే నువ్వు మరిచిపోతావు. కాగితం మీద తిడితే దాచుకుంటావు.

ఒక్క మాట అడుగుతాను. ఇన్నేళ్ళుగా నెలనెలా రాశావు. నీ మోకాలి నొప్పి రాశావు, కాలేజీ లైబ్రరీలో చెదలు పట్టిన బీరువా గురించి రాశావు, ఎదురింటావిడ కొత్త మిక్సీ గురించి రెండు పేజీలు రాశావు. నవల రాస్తున్నానని ఒక్క ముక్క రాయలేదు. అచ్చయ్యాక గోడ చూసి తెలుసుకోవలసిన మనిషినా నేను?

కుళ్ళు కాదు వదినా.

సరే, కుళ్ళే. ముందే ఒప్పుకుంటున్నాను, తరవాత నువ్వు కనిపెట్టినట్టు సంబరపడకు.

కళావతి

*

టెక్కలి,
నవంబరు 17.

చిరంజీవి కళావతికి,

తిట్లన్నీ అందాయి, దాచుకున్నాను. ‘నిబ్బరం’ మాత్రం తప్పు లేకుండా రాశావు, సంతోషం.

చెప్పకపోవడం నా తప్పే. పూర్తవుతుందో లేదో, ఎవరైనా వేస్తారో లేదో అని భయం. విశాఖపట్నంలో కార్తికేయ గారని ఒకాయన వేశారు. జనవరి 19, ఆదివారం, ఇక్కడ టెక్కలి కళ్యాణమండపంలో ఆవిష్కరణ. నీకొకటి, పలాసలో అమ్మిపెట్టడానికి పదిహేను, మొత్తం పదహారు ప్రతులు పార్సెల్ చేశాను. నువ్వు అమ్మితే కొననివాళ్ళుండరు, భయపడైనా కొంటారు.

ముందు పేజీ తిప్పి చూడు. ‘మా అమ్మ దాలమ్మ చేతికి’ అని అంకితం.

నీకు తెలియనిదేముంది? అమ్మ పోయిన పద్నాలుగో నాడు, నా ట్రంకుపెట్టె పైన సున్నం గోడ మీద నల్లటి చెయ్యి పడింది. అయిదు వేళ్ళూ చాచిన చెయ్యి, ఒక్క గీత లేకుండా నున్నగా. పాతికేళ్ళు జీడిపిక్కలు కొట్టి గీతలన్నీ చెరిగిపోయిన మా అమ్మ చెయ్యి. నాన్న ఎన్నిసార్లు సున్నం వేయించినా నెల తిరిగేసరికి మళ్ళీ పైకి తేలేది. అప్పటికి నాన్న నా ఇంటర్ చదువు మాన్పించేద్దామనుకున్నాడు. ఆ చెయ్యి చూసి మనసు మార్చుకున్నాడు. నవలంతా ఆ చేతి చుట్టూనే అల్లాను. ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ ఇంట్లో ఇప్పుడు నువ్వుంటున్నావు. ఆ గోడ రోజూ చూస్తున్నావు. అమ్మ ఆఖరి రోజుల్లో పక్కనున్నదీ నువ్వే. సభలో నువ్వు రెండు మాటలు మాట్లాడాలి. కాదనకు.

మీ వదిన
కృష్ణవేణి

*

పలాస,
డిసెంబరు 2.

వదినా,

పుస్తకం చదివాను. నాలుగు రోజులు పట్టింది. కూర మాడింది రెండుసార్లు. ఆ పాపం నీదే.

ఏం రాశావు తల్లీ! రెండు గదుల పెంకుటిల్లు నీ చేతిలో పడి పద్దెనిమిది గదుల జమీందారు బంగళా అయింది. వెనక సముద్రం, ముందు జీడితోట. మనింటి వెనక ఉన్నది మున్సిపాలిటీ కాలవ కదా? మా అత్త దాలమ్మ మహారాణి అయి పట్టుచీర కట్టుకుని తిరిగింది. ఉన్న రోజుల్లో ఆవిడకి రెండో చీర లేదు. దెయ్యమయ్యాక కట్టుకుంది, పోనీలే.

ఒకటి మాత్రం నమలలేకపోతున్నాను. ఉప్పుకయ్యల్లో అడుగుజాడ పడకుండా నడిచే ఆడమనిషి కథ, వల వేస్తే తన పిల్లాడి గొంతు వచ్చే కథ, తలుపు తెరవమని మూడుసార్లే పిలిచే ముసలమ్మ కథ. ఇవన్నీ అత్త పిక్కలు కొడుతూ నాకు చెప్పినవి. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. నీకెవరు చెప్పారు?

ఇంకొకటి. నీ నవలలో గోడ మీది చేతికి అయిదు వేళ్ళూ నిండుగా ఉన్నాయి. సరిగ్గా గుర్తుందా నీకు?

ఇక అమ్మకాల సంగతి. పదిహేను పుస్తకాలూ పోయాయి. కానీ ఒక వింత జరుగుతోంది. పుస్తకం పట్టుకున్నవాళ్ళకి చేతులు దురద పెడుతున్నాయట! మందుల షాపు వైకుంఠరావు గారు మూడో అధ్యాయం దగ్గర గోకడం మొదలెట్టి, ఏడో అధ్యాయానికి అరచేతులు ఎర్రగా చేసుకుని నా దగ్గరికొచ్చాడు.

“కళావతమ్మా, ఇదేటి, పుత్తకమా దురదగుండాకా? రాత మా గొప్పగుంది గానీ సెయ్యి ఆగట్లేదు!”

ఆయన షాపులో మందుండగా నన్నడుగుతాడేం? టీచరు భారతి గారైతే వేళ్ళు నల్లబడ్డాయని పసుపు కట్టించుకుని, దిష్టి తీయించుకుని, మళ్ళీ కూర్చుని మిగతా సగం చదివింది. ఊళ్ళో అంతా “దాలమ్మ సెయ్యి పట్టుకుంతంది” అని ఒకటే మాట.

నాకేం తెలీదు. పుస్తకాలు రెండ్రోజులు నా పిక్కల బల్ల మీదున్నాయి. బల్ల మీద పిక్కల్లోంచి కారిన జీడినూనె ఉంటే ఉండొచ్చు. నేను తుడవను కూడా తుడిచాను, నూనెగుడ్డతోనే అనుకో.

పుస్తకం పేరు చెడుతుందేమోనని నాకు ఎంత బెంగగా ఉందో నీకు తెలీదు.

కళావతి

*

టెక్కలి,
డిసెంబరు 15.

ఓసి కళావతీ,

నీ బెంగ తీరేలా ఒక వార్త. పలాసలో చెయ్యి పట్టే పుస్తకమని ఎవరో వీడియో పెట్టారు. వైకుంఠరావు గారు అరచేతులు చూపిస్తూ “ఆపలేకపోయాన్రా బాబూ” అంటుంటే లక్షమంది చూశారట. కార్తికేయ గారు పొద్దున్నే ఫోను చేసి, మొదటి ముద్రణ ఆవిష్కరణకి ముందే అయిపోయేలా ఉంది, ఇంత గొప్ప ప్రచారం ఎవరు చేశారని అడిగారు. మా మరదలే, దానికి నేనంటే ప్రాణం అని చెప్పాను.

భారతి గారికీ వైకుంఠరావు గారికీ ఆముదం రాయించు. నీ చేత్తోనే రాయి. నీ పాపం అలాగైనా కాస్త పోతుంది.

ఆవిష్కరణకి ఆయన ఇంకో పథకం వేశారు. మండపం ముందు పన్నెండు గజాల తెల్లగుడ్డ కడతారు. వచ్చినవాళ్ళంతా నల్లసిరాలో చెయ్యి ముంచి దాని మీద అచ్చు వెయ్యాలి. ఎవరి చేతికి గీతలుండవో వాళ్ళే దెయ్యం అని కాలేజీ పిల్లలకి సరదా.

మన గోడ ఫొటో కూడా కావాలని అడిగారు. వర్షాలకి గోడ కూలిపోయిందని చెప్పాను. ఎవరైనా నిన్నడిగితే నువ్వూ అదే చెప్పు.

సభకి రా. నీ పేరు ఆహ్వానపత్రికలో వేయించాను. నువ్వు మాట్లాడకపోతే నాకు వెలితి.

కృష్ణవేణి

*

పలాస,
జనవరి 17, 2025.

సభలో ఉన్న పెద్దలకీ, మా కృష్ణవేణి వదినకీ,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. ఆదివారం టెక్కలిలో మైకు ముందు నిలబడి చదువుతాను. నోటితో చెబితే నా మాటలకి అందరూ నవ్వేస్తారు. చదివితే నమ్ముతారు.

వదినా, గోడ కూలిపోలేదు. రాయిలా ఉంది. దాని మీద నేను తగిలించిన క్యాలెండరు తీసి ఇప్పుడే చూసి వచ్చాను. ఎందుకు అబద్ధమాడావో నాకు తెలీదు. నా అబద్ధం మాత్రం నేను చెబుతాను.

అత్త పెద్దకర్మ అయిన మర్నాడు. పట్టపగలు. ఆడవాళ్ళంతా పెరట్లో గుండిగలు తోముతున్నారు. నాకు పద్నాలుగేళ్ళు. ముందు రోజే మావయ్య నీతో అన్నాడు, “అమ్మ నేదు గదా, ఇంక సదువెందుకే, కళావతి పక్కన కూసుని పిక్కలు కొట్టు” అని. నేను లోపల పండగ చేసుకున్నాను. అత్త లేని పీట ఖాళీగా ఉండదు, వదినొచ్చి కూర్చుంటుంది అనుకున్నాను.

తెల్లారేసరికి నువ్వు ట్రంకుపెట్టె సర్దుకుంటున్నావు.

నా కడుపు మండిపోయింది. నా చేతి గీతలు చెరిగిపోయి అప్పటికే రెండేళ్ళు. నీ చేతులు చందమామలా ఉండేవి. నువ్వు పెరట్లోకి వెళ్ళిన సందులో జీడినూనె డబ్బాలో చెయ్యి ముంచి, నీ పెట్టె పైన, తెల్లటి గోడ మీద టపీమని కొట్టాను. దెయ్యమని జడుసుకుంటావు, జ్వరం తెచ్చుకుంటావు, బస్సు తప్పిపోతుంది, మర్నాటి నుంచి నా పక్కన ఉంటావు. ఇదీ నా ఎత్తు.

నువ్వొచ్చి చూశావు. అరవలేదు. ఆ చేతి మీద చెయ్యి పెట్టి “అమ్మ” అన్నావు. మావయ్య గుమ్మంలోంచి చూశాడు. గీతలు లేని చెయ్యి చూడగానే గోడకి దణ్ణం పెట్టి ఏడ్చాడు. “ఎల్లే తల్లీ, ఎల్లు. మీ అమ్మ ఎల్లమంతంది.”

నిన్ను ఆపుదామని కొట్టిన చెయ్యి నిన్ను బస్సెక్కించింది.

సున్నంలోంచి మళ్ళీ మళ్ళీ తేలిందంటే అది ఆత్మ కాదు, జీడినూనె. ఎన్ని పూతలు వేసినా పైకొస్తుంది. కావాలంటే వచ్చి చూడండి, ఆ చేతికి చిటికెన వేలి కొస లేదు. నా వేలి కొస అంతకు ముందేడాదే పిక్కల కత్తికి పోయింది. నవలలో మా వదిన దానికి నిండు వేలు అతికించింది.

కాబట్టి ఆ దెయ్యాన్ని నేను. పోస్టరు మీద చెయ్యి నాది. దండ వేసేదుంటే ఇటు వెయ్యండి.

కళావతి

*

టెక్కలి,
జనవరి 22.

కళా,

సభ అయిపోగానే చెప్పకుండా వెళ్ళిపోయావు. మీ వాళ్ళందరికీ భోజనాలు పెట్టించాను, వడ్డిస్తుండగానే వ్యాను కదిలిపోయిందట. ఫోనెత్తలేదు. అందుకే ఇది.

వేదిక మీద నుంచి నాకు కనిపించింది చెబుతాను. నువ్వు ఒక్కదానివే వస్తావనుకున్నాను. కార్ఖానా నుంచి ఇరవైరెండు మందిని వ్యానెక్కించి తెచ్చావు. సాక్షులనుకుంటాను. నీ చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

అప్పటికే గుడ్డ నిండా కాలేజీ పిల్లల చేతులు, గీతలన్నీ స్పష్టంగా. ముందు పైడితల్లి సిరాలో చెయ్యి ముంచింది. గుడ్డ మీద నున్నటి నల్లచెయ్యి పడింది. పిల్లలు కెవ్వుమన్నారు. పైడితల్లి ఉలిక్కిపడి, “ఏటర్రా, రేషన్ డిపోలో ఏలిముద్దర మిషనూ ఇలాగే జడుసుకుంతాది నన్ను సూసి” అంది. తరవాత రెండో ఆవిడ, మూడో ఆవిడ. ఇరవైరెండు చేతులు. ఒక్కదానికీ గీత లేదు. మండపంలో నవ్వు ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో అడిగారు, “ఇందులో దాలమ్మ గారి చెయ్యి ఏది?” అని.

అప్పుడు నిన్ను పిలిచారు. కాగితం విప్పావు. ఆ గుడ్డ వైపు చూశావు. ఒక్కొక్క చెయ్యీ చూశావు. “ఆ సెయ్యి మాది” అన్నావు. “మా అందరిదీ. పుత్తకం కొనుక్కోండి. దురదేత్తే ఆముదం రాసుకోండి” అని దిగిపోయావు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు దండ వేసినప్పుడు కూర్చునే కొట్టారు. అది కూడా చూశాను.

కాగితం కుర్చీలో వదిలేశావు. మరిచిపోయావో, కావాలనే వదిలావో. చదివాను.

కళా, చిటికెన వేలి కొస లేని చెయ్యి మనింట్లో ఒక్కటే ఉండేది. నాకు చూసిన క్షణంలోనే తెలుసు. నూనె ఇంకా జారుతోంది. గుమ్మంలో నాన్న అడుగు వినపడింది. నీ పేరు చెబితే నాన్న నీ వీపు పగలగొట్టేవాడు. వేలు నా చేత్తో కప్పి “అమ్మ” అన్నాను. నేను తడిమింది అందుకు. గోడ కూలిపోయిందన్నదీ, నవలలో వేలు అతికించిందీ అందుకే.

ఇంకో మాట. ఆ పొద్దున్న నేను పెట్టెలో పెట్టిన బట్టలు మళ్ళీ తీస్తూ, తీసినవి మళ్ళీ పెడుతూ ఉన్నాను. ధైర్యం లేదు. నీ చెయ్యి చూశాక అనిపించింది, ఇది ఇంత కుళ్ళుకుంటోందంటే నేను వెళ్ళేచోట ఏదో ఉండే ఉంటుంది అని. నన్ను పంపింది అమ్మ చెయ్యి కాదు. నీ కుళ్ళు.

నా కుళ్ళు కూడా విను. అమ్మ ఆఖరిదాకా నీ పక్కనే కూర్చుంది. కథలన్నీ నీకు చెప్పింది. నాకు ఒక్కటీ చెప్పలేదు. అవి నీ ఉత్తరాల్లో ముక్కలు ముక్కలుగా వచ్చేవి. తప్పులు దిద్దేముందు వాటిని నా నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేదాన్ని. నవలలో పద్నాలుగు అధ్యాయాలుంటే తొమ్మిది అవే. నీకు చెప్పకుండా ఎందుకు రాశానని అడిగావు కదా. అడిగితే ఇవ్వవని కాదు. అడిగితే అవి నీవని ఒప్పుకోవాలి.

కార్తికేయ గారు రెండో ముద్రణ వేస్తానంటున్నారు. ఏం మార్చమంటావో నువ్వే చెప్పు.

కృష్ణవేణి

*

పలాస,
ఫిబ్రవరి 2.

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. ఏడ్చాననుకునేవు. కుళ్ళుతో.

ఇరవై తొమ్మిదేళ్ళు నిన్ను ఆటపట్టించానని లోపల్లోపల మురిసిపోయాను. మొగుడికి కూడా చెప్పకుండా దాచుకున్న ఒక్క వస్తువు అది. ఆడించింది నువ్వట! ముఖం చిట్లించకుండా, నవ్వు రాకుండా, నెలనెలా మోకాలి నొప్పి రాస్తూ! ఊళ్ళో నా అంత తుంటరి లేదని పేరు. ఇప్పుడు ఆ పేరు కూడా నీకే ఇచ్చెయ్యాలా?

మాది అని ఎందుకన్నానని నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. ‘నాది’ అనే వెళ్ళాను. ఆ గుడ్డ మీద అందరి చేతులూ చూశాక, మా అత్తది వెతికాను. దొరకలేదు. ప్రతిదీ ఆవిడదే అనిపించింది. ఇంక నాది అనడానికి నోరు రాలేదు. అంతే. మంచిదాన్నయిపోయాననుకోకు.

రెండో ముద్రణకి నా షరతులు. పద్దెనిమిది గదుల బంగళా ఉంచుకో, జనానికి నచ్చింది. అత్త పట్టుచీర ఉంచు. నా పేరు నీ పేరు పక్కన వెయ్యి, అదే సైజులో. స్కేలు పెట్టి కొలుస్తాను. పోస్టరు మీద నా ఫొటో వేస్తే గడ్డం కింద వేలు మాత్రం పెట్టుకోను. నవలలో అతికించిన వేలి కొస తీసెయ్. అది నాకు మళ్ళీ మొలవద్దు.

గోడ మీద క్యాలెండరు తీసేశాను. పైడితల్లీ వాళ్ళూ పని దిగాక వచ్చి చూసి పోతున్నారు. నిన్న ఒక్కొక్కరూ తమ చెయ్యి దాని మీద పెట్టి కొలుచుకున్నారు. చిటికెన వేలి దగ్గరికొచ్చేసరికి అందరూ నా వైపే చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ ఉత్తరంలో తప్పులు దిద్ది పంపకు. ఈసారి నేనే దిద్దాను. నీ నవల నా ప్రతి ఈ పార్సెల్లోనే ఉంది, చూసుకో. తొమ్మిది అధ్యాయాల్లో అత్త చెప్పినదానికి నువ్వు ఎక్కడెక్కడ తప్పు రాశావో అన్నిచోట్లా గీత గీసి, పక్కన అసలుది రాశాను. మూడుసార్లు పిలిచే ముసలమ్మని నాలుగోసారి ఎందుకు పిలిపించావసలు? అత్త వింటే చెంప పగలగొట్టును.

ఎర్రసిరా ఊరంతా వెతికాను, దొరకలేదు. బల్ల మీదున్న నల్లదే వాడాను.

పేజీ తిప్పేముందు చేతులకి ఆముదం రాసుకో.

నీ మరదలు
కళావతి